చూరు గట్టర్లు తీసేయాలా, బాగుచేయించాలా? గోడ చెమ్మ గురించి అడిగినవారికి నా సమాధానం

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. రెండేళ్ల క్రితం మీరు కొన్న వాలు కప్పు ఇంటికి చూరు పొడవునా గట్టర్లు, అంటే కప్పు నీళ్లను పట్టి మళ్లించే దోనెలు, ఉన్నాయి. కిందటి రెండు పెద్ద వానల్లో ఒక మూల దగ్గర నీళ్లు గట్టర్ పైనుంచి పొర్లి గోడ వెంట కారాయి. కొన్నాళ్లకు అదే వైపు పడకగదిలో, నేలకు జానెడు ఎత్తున చెమ్మ మచ్చ కనిపించింది. చూడడానికి వచ్చినవారిలో ఒకరు లోపలి గోడకు నీరు పట్టని రంగు వేయించమన్నారు. మరొకరు అసలు గట్టర్లే దండగ, పీకేస్తే శుభ్రం చేసే బాధే ఉండదన్నారు. ఈ రెండింటిలో ఏది చేయాలని మీరు అడిగారు.

ప్రస్తుతానికి రెండూ చేయవద్దని నా సలహా. ముప్ఫై ఏళ్లుగా ఇళ్ల కప్పులూ గోడల చెమ్మా బాగుచేసే పనిలోనే ఉన్నాను. అనుభవం మీద నేను గట్టిగా చెప్పగలిగింది ఏమిటంటే, గట్టర్‌ను కప్పుకు తగిలించిన అలంకారంగా కాక, పునాదికి పట్టిన గొడుగుగా చూడాలి. దాని పని చూరు దగ్గర మొదలవుతుంది కానీ, నీళ్లు ఇంటి గోడకు దూరంగా నేల మీదికి చేరేదాకా పూర్తి కాదు. మధ్యలో ఎక్కడ తెగినా ఆ లోపం అక్కడ కనబడదు, నెలల తరువాత గోడ మీదో నేల మీదో బయటపడుతుంది. అందుకే జనం గోడకు వైద్యం చేస్తూ ఉంటారు.

ముందు నీళ్ల లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా 1 లీటరు. 100 చదరపు మీటర్ల స్థలాన్ని కప్పే కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2,500 లీటర్లు, అంటే రెండున్నర టన్నుల నీళ్లు. అది మరీ పెద్ద వాన కూడా కాదు. కప్పు రెండు వైపులకు వాలి, ఒక్కో చూరు 12 మీటర్ల పొడవు ఉందనుకుంటే, గట్టర్ లేనప్పుడు ఆ ఒక్క వానకే చూరు కింద ప్రతి మీటరు నేల మీద 100 లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. అవి పడేది తోటలో ఎక్కడో కాదు, గోడకు అడుగో రెండడుగులో ఎడంగా, వానవానకూ అదే గీత మీద. కొద్ది కాలానికే అక్కడ నేల కోసుకుపోయి చిన్న కాలువలా తయారవుతుంది, ఆ కాలువలో నిలిచిన నీళ్లు పునాది పక్కనే ఇంకుతాయి. పైనుంచి పడిన ధార నేలను తాకి చిమ్మడం వల్ల గోడ అడుగు భాగం మోకాలి ఎత్తు దాకా బురదతో తడుస్తూనే ఉంటుంది. చాలా ఇళ్లలో పాకుడు పట్టేదీ, సిమెంటు పూత ఉబ్బి పెచ్చులుగా ఊడేదీ సరిగ్గా ఈ ఎత్తులోనే.

పునాది కింద బంకమన్ను ఉంటే ముప్పు మరింత పెద్దది. బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇంటి చుట్టూ నేల అంతా ఒకేలా తడిసి ఒకేలా ఆరితే అంత నష్టం ఉండదు కానీ, పొర్లే గట్టర్ ఒక మూలను మాత్రమే పదే పదే తడుపుతుంది. ఆ మూల లేస్తూ కుంగుతూ ఉంటే మిగతా ఇల్లు కదలక నిలబడుతుంది, ఆ తేడాను గోడ భరించలేక బీట వేస్తుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే బీట గానీ, ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా దిగే బీట గానీ కనబడితే, దానికి పైనున్న గట్టర్‌నూ కింద నేలనూ ముందుగా చూసి రావడం నాకు అలవాటు. మీ ఇంట్లో అలాంటిది ఉందో లేదో మీరు రాయలేదు. చెమ్మ మచ్చ ఉన్న గోడను బయటి వైపు నుంచి కూడా ఒకసారి జాగ్రత్తగా చూడండి.

గట్టర్లు అసలు అక్కర్లేని ఇళ్లు లేవని నేను అనను. చూరు గోడకు బాగా ముందుకు వచ్చి, కింద రాతి పరుపో గట్టి కంకర పరుపో ఉండి, నేల ఇంటి నుంచి బయటికి వాలి, ఆ చూరు కింద గుమ్మం ఏదీ లేకపోతే నీళ్లు నేరుగా కింద పడినా ఇల్లు తట్టుకుంటుంది. ఆ వాలు ఎంత ఉండాలని అడిగితే, గోడ నుంచి మొదటి 3 మీటర్లలో 15 సెంటీమీటర్లు దిగాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఇవన్నీ మీ ఇంటికి ఉన్నాయని తేలితే తప్ప గట్టర్లు పీకించకండి. ఒకసారి పీకించాక చూరు పలకకు, అంటే గట్టర్‌ను బిగించిన చూరు అంచు చెక్కకు, పడిన మేకుల బెజ్జాలన్నీ నీళ్లకు దారులవుతాయి.

అయితే ఆ సలహా ఇచ్చినవారి మాటలో ఒక నిజం లేకపోలేదు. పూడిపోయిన గట్టర్ కన్నా గట్టర్ లేకపోవడమే నయమని నేనూ ఒప్పుకుంటాను. గట్టర్ లేని చూరు నీళ్లను పొడవునా పంచి వదులుతుంది. పూడిన గట్టర్ అలా కాదు, సగం కప్పు నీళ్లనూ పోగుచేసి ఏదో ఒక్క చోట గుమ్మరిస్తుంది. పైగా అది ఎప్పుడూ బయటి వైపుకే పొర్లుతుందన్న హామీ లేదు. సరిగ్గా బిగించిన గట్టర్‌కు బయటి అంచు లోపలి అంచు కన్నా కొద్దిగా, సుమారు ఒక సెంటీమీటరు కిందుగా ఉంటుంది. నిండినప్పుడు నీళ్లు ఇంటికి దూరంగా పడాలనే ఆ ఏర్పాటు. గట్టర్‌ను మోసే పట్టీలు బరువుకు వంగినా, మరమ్మతు చేసినవారు ఈ సంగతి తెలియక మట్టంగా బిగించినా, నీళ్లు వెనక్కి తిరిగి చూరు పలక మీదికీ, అక్కడి నుంచి గోడ పైభాగంలోకీ పోతాయి. కర్ర ఆరినంత కాలం పుచ్చదు. దాని తేమ సుమారు 20 శాతానికి లోపు ఉన్నంతవరకు పుచ్చబెట్టే బూజు దాని మీద బతకలేదు. నెలల తరబడి నానితే ఆ హద్దు దాటుతుంది, తడి కర్రను వెతుక్కుంటూ చెదలూ వస్తాయి. పలక పుచ్చాక మేకులు పట్టు వదులుతాయి, గట్టర్ ఇంకా కిందికి వాలుతుంది, మరిన్ని నీళ్లు నిలుస్తాయి.

బరువు సంగతి కూడా చాలామంది ఊహించరు. 125 మిల్లీమీటర్ల వెడల్పున్న అర్ధచంద్రాకారపు గట్టర్ అంచు దాకా నిండితే మీటరుకు 6 లీటర్ల నీళ్లు పడతాయి, 10 మీటర్ల పొడవుకు 60 కిలోలు. అది వాన వెలిశాక దిగిపోయే బరువైతే పట్టీలు భరిస్తాయి. నానిన ఆకులూ ఒండ్రూ మాత్రం దిగిపోవు, ఆ బరువు రాత్రింబవళ్లు వేలాడుతూనే ఉంటుంది. అదే నీళ్లలో దోమలు పెరుగుతాయి. డెంగీని మోసే ఏడిస్ దోమ నిలిచిన నీళ్ల అంచున గుడ్లు పెడుతుంది, వెచ్చని వాతావరణంలో అవి వారం పది రోజుల్లోనే రెక్కల దోమలవుతాయి. ఇంటి చుట్టూ ఉన్న తొట్లూ కుండీలూ బోర్లించి, తల పైనున్న గట్టర్‌ను మరచిపోయిన ఇళ్లు నేను చాలా చూశాను. కింది నుంచి చూసేవారికి ఆ నీళ్లు కనబడవు కదా.

నా తొలి రోజుల్లో జరిగిన ఒక పని గురించి ఇక్కడ చెప్పాలి. ఒక ఇంటి ముందు గది గోడ అడుగున, మీరు చెప్పినట్టే చెమ్మ వచ్చింది. పూత చెక్కేసి, గోడ ఆరబెట్టి, నీరు పట్టని మందు కలిపిన కొత్త పూత వేశాను. మరుసటి ఏడాది మచ్చ తిరిగి వచ్చింది. నేల నుంచి తేమ ఎక్కుతోందనుకుని, రెండోసారి ఇంకా ఎత్తు దాకా చెక్కి అదే పని చేశాను. మూడో ఏడాది వాన పడుతుండగా ఆ ఇంటికి వెళ్లడం తటస్థించింది. గట్టర్ శుభ్రంగానే ఉంది, పైనుంచి ఒక్క చుక్క పొర్లడం లేదు. కానీ గట్టర్ నీళ్లను నేలకు దింపే డౌన్ పైపు అడుగున, గుబురుగా పెరిగిన మొక్క వెనుక, అతుకు ఊడి నీళ్లన్నీ గోడ మొదట్లోకే పోతున్నాయి. ఆ ఇంటివారు రెండుసార్లు పెట్టిన ఖర్చు వృథా అయిందన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆ రోజు నుంచి నేను వానలో చూడకుండా ఏ చెమ్మ గోడ మీదా తాపీ పెట్టలేదు.

అందుచేత మీరు మొదట చేయవలసిన పనికి పైసా ఖర్చు లేదు. ఈసారి గట్టి వాన వచ్చినప్పుడు, ఉరుములూ మెరుపులూ లేని సమయం చూసి, గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ పది నిమిషాలు నిదానంగా తిరగండి. నీళ్లు గట్టర్ బయటి అంచు మీదుగా పొర్లుతున్నాయా, లేక గట్టర్‌కూ చూరు పలకకూ మధ్య సందులోంచి కారుతున్నాయా చూడండి. ఈ రెండింటికీ కారణాలు వేరు. బయటికి పొర్లితే లోపల అడ్డం ఉన్నట్టు, లేదా వచ్చే నీళ్లకు గట్టర్ చాలనట్టు. వెనుక నుంచి కారుతుంటే ముందు చెప్పినట్టు గట్టర్ బయటి అంచు కిందుగా లేదన్నమాట, లేదా కప్పు అంచు గట్టర్ లోపలికి తగినంత రాలేదన్నమాట. పెంకు గానీ రేకు గానీ గట్టర్ లోపలికి సుమారు 5 సెంటీమీటర్లు వచ్చి ఉండాలి. అంతకన్నా తక్కువైతే, నీళ్లకు అంటుకుని పాకే గుణం ఉంది కనుక, అంచు కిందుగా వెనక్కి తిరిగి పలకను పట్టుకుంటాయి. ఇది గట్టర్‌ను ఎంత తోమినా పోయే లోపం కాదు, అంచు కింద ఒక వంచిన రేకు పట్టీ దూర్చి నీళ్లను గట్టర్‌లోకి మళ్లించాలి.

మీరు మూల దగ్గర అని రాశారు కాబట్టి ఇంకొకటి గమనించండి. ఆ మూలకు పైన కప్పు వాలులు రెండు కలిసే సందు ఉందా? అలాంటి సందులో రెండు వాలుల నీళ్లూ కలిసి ధారగా దూసుకువస్తాయి, పూడిక ఏమీ లేకపోయినా గట్టర్ మీదుగా దూకిపోతాయి. అక్కడ గట్టర్ బయటి అంచుకు చిన్న అడ్డు రేకు నిలబెడితే చాలాసార్లు సరిపోతుంది. ఇటీవల కప్పు మీద సౌర ఫలకాలు పెట్టించిన ఇళ్లలో కూడా ఇదే చూస్తున్నాను. నున్నని అద్దం మీద నీళ్లు వేగం పుంజుకుని అంచు దాటి పడతాయి.

ఇక శుభ్రం చేయడం. నిచ్చెన విషయంలో నేను కాస్త కటువుగానే చెబుతాను, ఎందుకంటే గట్టర్ పనిలో జరిగే ఘోరాలన్నీ అక్కడే జరుగుతాయి. నిచ్చెన గట్టర్ దాకా ఎంత ఎత్తు ఉందో, అందులో నాలుగో వంతు దూరంలో దాని కాళ్లు గోడ నుంచి ఎడంగా ఉండాలి. గట్టి నేల మీద నిలపాలి, కింద ఒకరు పట్టుకుని ఉండాలి. నిచ్చెనను గట్టర్ మీద ఆనించకూడదు, గోడకు ఆనేలా కొమ్ములు ఉన్నది వాడాలి. చేయి అందనప్పుడు పక్కకు వంగకుండా, దిగి నిచ్చెన జరుపుకోవాలి. దగ్గరలో కరెంటు తీగ ఉంటే లోహపు నిచ్చెన ఆ చాయలకు కూడా తీసుకుపోవద్దు. రెండో అంతస్తు గట్టర్ అయినా, మీకు కళ్లు తిరిగే తత్వం ఉన్నా పనివారిని పిలవడమే సరైనది. మీ ఇంటి కప్పూ గట్టర్లూ పాతకాలపు ఆస్‌బెస్టాస్ సిమెంటువైతే మాత్రం గీకడం, తోమడం, ఒత్తిడి నీళ్లతో కడగడం ఏదీ చేయవద్దు. ఆ పొడిలో ఉండే నూలు పోగుల్లాంటి రేణువులు ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. ఆ పని తెలిసినవారికే వదిలేయండి.

మామూలు గట్టర్ అయితే మొదట డౌన్ పైపు నోట్లో ఒక గుడ్డ కుక్కి, చిన్న ప్లాస్టిక్ తాపీతో ఆకులనూ మట్టినీ ఎత్తి బకెట్లో వేయండి. ఎక్కువమంది చేసే తప్పు నేరుగా నీళ్ల పైపు పట్టడం. దానివల్ల గట్టర్‌లోని పూడిక అంతా డౌన్ పైపులోకి దిగి, చేత్తో తీయగలిగిన మట్టి చేయి అందని చోట గట్టిపడుతుంది. మట్టి ఎత్తాక గుడ్డ తీసి, పైపుకు దూరంగా ఉన్న కొస నుంచి నీళ్లు వదలండి. అప్పుడు మీరు చూసేది శుభ్రతను మాత్రమే కాదు. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి, ఏ అతుకు దగ్గర చుక్కలు రాలుతున్నాయి, కింది నుంచి ఎంత వేగంగా బయటికి వస్తున్నాయి, అన్నీ అప్పుడే తెలుస్తాయి. ఎత్తిన మట్టిని కూడా పారేసే ముందు ఒకసారి చేత్తో నలిపి చూడండి. పెంకుల ముక్కలూ సిమెంటు రవ్వా ఎక్కువగా ఉంటే కప్పు అరిగిపోతోందని అర్థం.

నీళ్లు ఒకే చోట నిలిచిపోతే వాలు చెడిందన్నమాట. 3 మీటర్లకు 6 మిల్లీమీటర్లు దిగితే కనీసపు వాలు ఉన్నట్టు. కంటికి అది కనబడదు, రసమట్టంతో గానీ దారం కట్టి గానీ చూడాలి. సాధారణంగా మధ్యలో ఏదో ఒకటి రెండు పట్టీలు వంగి ఉంటాయి, వాటిని సరిచేస్తే చాలు. పట్టీల మధ్య మీటరుకు మించిన ఎడం ఉంటే అదనంగా కొన్ని వేయించండి. అతుకుల విషయంలో, పాత పూత మీదే కొత్త సిలికాన్ పూయవద్దు. పాతది పూర్తిగా గీకి, తుడిచి, బాగా ఆరాక పూస్తేనే పట్టుకుంటుంది. పీవీసీ గట్టర్ అయితే అది ఎండకు సాగుతుందని గుర్తుంచుకోండి. 10 మీటర్ల గట్టర్ 30 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 18 మిల్లీమీటర్లు పొడుగు మారుతుంది, అల్యూమినియం అయితే 7. ఆ కదలికకు చోటు వదలకుండా అన్ని అతుకులూ బిగించి అతికిస్తే ఏడాది తిరక్కుండా ఎక్కడో ఒకచోట చీలుతుంది. లోహాలు కలిపేటప్పుడు కూడా జాగ్రత్త పడాలి, అల్యూమినియం లేదా జింకు పూత గట్టర్‌కు రాగి ముక్క అతికితే తడిలో రాగి పక్కనున్న లోహాన్ని తినేస్తుంది.

డౌన్ పైపులో నీళ్లు మెల్లగా దిగుతుంటే పైపు పొడవునా వేళ్లతో తట్టుకుంటూ రండి. గుల్ల మోత మారి మొద్దు మోత వచ్చిన చోట పూడిక ఉంటుంది. అతుకుల దగ్గర పై పైపు కొస కింది పైపు లోపలికి దూరి ఉండాలి. తలకిందులుగా బిగించినవి కూడా చూశాను, అవి ప్రతి అతుకు దగ్గరా కారతాయి. సరిగ్గా బిగించిన పైపు కూడా పూడితే కారుతుంది. అతుకులు కిందికి జారే నీళ్ల కోసం చేసినవే కానీ నిలువునా నిండి ఒత్తే నీళ్ల కోసం కావు. ఆ పైపు గోడ లోపల నుంచి పోయి ఉంటే ఈ కారడం నేరుగా గోడ గర్భంలోకే, కాబట్టి మరింత జాగ్రత్తగా చూడాలి.

పైపు అడుగు కొస మీద నాకున్నంత పట్టింపు మరే భాగం మీదా లేదు. గట్టర్, పైపు అన్నీ సవ్యంగా పనిచేసి, చివరికి సగం కప్పు నీళ్లను గోడ మొదట్లో వదిలితే పైన చేసిందంతా దండగ. గంటకు 100 మిల్లీమీటర్ల చొప్పున కురిసే వానలో 50 చదరపు మీటర్ల కప్పు నుంచి ఆ ఒక్క పైపులోకి నిమిషానికి 80 లీటర్లకు పైగా వస్తాయి. ఆ నీళ్లను పునాదికి కనీసం 2 మీటర్ల దూరం తీసుకుపోయి వదలాలి, లేదా నేల కింద పైపు ద్వారా కాలువకో ఇంకుడు గుంతకో చేర్చాలి. ఇంకుడు గుంత అయితే ఇంకా దూరంగా ఉండాలి. వాన నీళ్లను తొట్టిలో పట్టుకునే ఏర్పాటు ఉంటే, తొట్టి నిండాక పొర్లే నీళ్లకు కూడా ఇదే నియమం. ఆ పొర్లు గొట్టాన్ని గోడ పక్కనే వదిలేయడం అందరూ చేసే పొరపాటు.

గట్టర్ మీద జల్లెడ మూతలు వేయిస్తే శుభ్రం చేయనక్కర్లేదని అమ్మేవారు చెబుతారు. పెద్ద ఆకులు ఆగుతాయన్నది నిజమే. సన్నని దుమ్ము లోపలికి పోతూనే ఉంటుంది, సరుగుడు వంటి సూది ఆకులు కన్నాల్లో గుచ్చుకుని పైన చాపలా అల్లుకుంటాయి. వేయిస్తే సులువుగా ఊడదీయగలిగేవి వేయించండి. స్పాంజి దిమ్మెలు కుక్కే పద్ధతి మాత్రం నాకు నచ్చదు, వాటిలో గింజలు పడి మొలకెత్తుతాయి. ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలన్నది మీ ఇంటి మీదికి వాలిన చెట్లను బట్టి ఉంటుంది. చెట్లు లేకపోతే ఏడాదికి రెండుసార్లు చాలు. చెట్ల నీడన ఉన్న ఇంటికి ఆకు రాలే కాలం ముగిశాక, వానలు మొదలయ్యే ముందు, వానల నడుమ ఒకసారి, ఆపైన ప్రతి పెద్ద గాలివాన తరువాత చూసుకోవాలి.

చివరగా మీ పడకగది గోడ. ఇప్పుడే నీరు పట్టని రంగు వేస్తే లోపలి తేమకు బయటికి దారి మూసుకుపోతుంది, గోడలోని లవణాలు తెల్లని పొడిగా పేరుకుని ఆ రంగును పొరలు పొరలుగా నెట్టేస్తాయి. బదులుగా ఆ మచ్చ అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. గట్టర్ బాగుచేయించాక ప్రతి వానకూ మరుసటి రోజు చూసి, మచ్చ గీత దాటితే అక్కడ మరో తేదీ వేయండి. వానలు లేని రోజుల్లో కూడా మచ్చ పెరుగుతూ ఉంటే కారణం గట్టర్ కాదు, గోడలోని నీళ్ల పైపో నేల తేమో అయి ఉంటుంది, అప్పుడు ప్లంబర్‌ను పిలవండి. ఒక వానాకాలం మొత్తం గీత లోపలే ఉండి, ఆ తరువాత ఎండల్లో మచ్చ లేతబడితే, ఉబ్బిన పూతను మాత్రం చెక్కించి, గాలి ఆడనిచ్చే మామూలు పూత వేయించి, అది పూర్తిగా ఆరాక రంగు వేయించుకోండి.